పాత టోపో షీట్లలో మీ ఊరి జాడ, మీ ఇంటి జాడ వెతకడం ఎలా?

మీ ఇంటిపేరు ఒక ఊరి పేరే కావచ్చు, కానీ ఆ ఊరు ఇప్పుడు ఏ ఫోన్ మ్యాపులోనూ కనిపించదు. మీ నాయినమ్మ మాటల్లో ఎప్పుడూ వచ్చే "పాత ఊరు" ఎక్కడుందో ఇంట్లో ఎవరూ చూపించలేరు. తాత చిన్నప్పుడు రైలెక్కడానికి ఏ దారిన నడిచి పోయేవాడో ఎవరికీ గుర్తులేదు. వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్లలో ఇలాంటి ప్రశ్నలు చాలానే ఉంటాయి. వాటికి జవాబు వెతకడానికి కేంద్ర ప్రభుత్వ సంస్థ సర్వే ఆఫ్ ఇండియా వేసిన పాత టోపో షీట్లు, అంటే ఊళ్లు, బాటలు, వాగులు, గుట్టలు వివరంగా గీసిన నక్షలు, ఎంతో ఉపయోగపడతాయి.

ఒక్క మాట ముందే అనుకోవాలి. టోపో షీట్‌లో మనుషుల పేర్లుండవు. మీ ముత్తాత నడిచిన బండ్ల బాట, ఆయన కాలపు బావి, ఊరి పక్క గుట్ట, చెరువు కట్ట అందులో దొరుకుతాయి గానీ ఆయన పేరు దొరకదు. పేర్ల కోసం ఊరి పెద్దల దగ్గరికి, ఊరి భూమి రికార్డులైన పహాణీల దగ్గరికి పోవాల్సిందే. అక్కడికి పోయాక ఏం అడగాలో నక్ష చూస్తే తెలుస్తుంది. అందుకే ఈ పనిలో నక్షను, మనుషుల జ్ఞాపకాన్ని పక్కపక్కన పెట్టుకుని నడవాలి.

ముందు ఇంట్లో అడగండి

నక్ష కొనడానికి ముందే ఇంట్లో పెద్దవాళ్లతో కూర్చోండి. "మన కుటుంబ చరిత్ర చెప్పండి" అంటే ఎవరికీ ఏం చెప్పాలో తోచదు. చోట్ల గురించి అడగండి. అంగడికి ఏ ఊరు పోయేవాళ్లు? తాగే నీళ్లు ఏ బావి నుంచి తెచ్చుకునేవాళ్లు? వానకాలంలో ఏ వాగు దాటలేక ఆగిపోయేవాళ్లు? మేడారం జాతరకు బండి కడితే మొదటి రాత్రి ఎక్కడ దిగి వండుకునేవాళ్లు? ఈ చివరి ప్రశ్న ఉత్తర తెలంగాణలో దాదాపు ప్రతి ఇంట్లోనూ పనికొస్తుంది. సమ్మక్క-సారలమ్మ దగ్గరికి ఎడ్లబండి మీద పోయినవాళ్లకు ఏ ఊరి పక్క చెరువు దగ్గర ఆగిందీ, ఎక్కడ ఎడ్లకు నీళ్లు పెట్టిందీ ఇప్పటికీ గుర్తుంటుంది. ఆ మజిలీలను వరసగా రాసుకుంటే మీకో దారి దొరికినట్టే.

అమ్మమ్మలను, మేనత్తలను తప్పకుండా అడగండి. వాళ్లకు పుట్టినూరు, అత్తగారి ఊరు రెండూ తెలుసు, మధ్యలో దారీ తెలుసు. దూరాలు కోసుల్లో చెప్తే అలాగే రాసుకోండి. కోసంటే మోటుగా రెండు మైళ్లు. కానీ ఒక్కో చోట ఒక్కోలా లెక్క పెట్టేవాళ్లు కాబట్టి దాన్ని అంచనాగానే తీసుకోవాలి.

షీట్ నంబరు కనుక్కోవడం

టోపో షీట్లకు ఊరి పేర్లతో కాకుండా నంబర్లతో పని. ఉత్తర తెలంగాణలో చాలా భాగం 56వ నంబరు కిందికి వస్తుంది. ఇది 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశాలు, 76 నుంచి 80 డిగ్రీల తూర్పు రేఖాంశాల మధ్య ప్రాంతం. 80 డిగ్రీల గీత దాటితే 65. అందుకే ములుగు 56లో ఉంటుంది, మేడారం, ఏటూరునాగారం 65లోకి పోతాయి.

ఈ పెద్ద షీట్‌ను ఒక్కో డిగ్రీ చొప్పున 16 గళ్లు చేసి, ఏ నుంచి పి వరకు ఇంగ్లిష్ అక్షరాలు ఇచ్చారు. ఆ ఒక్కో గడిని మళ్లీ 16 చిన్న గళ్లుగా కోసి 1 నుంచి 16 వరకు అంకెలు వేశారు. అక్షరాలైనా అంకెలైనా పైనుంచి కిందికి దిగుతాయి. ఒక నిలువు వరస అయిపోయాక పక్క వరస మొదలవుతుంది. కొత్తగా చూసేవాళ్లు అడ్డంగా లెక్కపెట్టి తప్పు షీట్ తెచ్చుకోవడం మామూలే. చిన్న గడి ఒక్కోటి 15 నిమిషాల కొలత, అంటే మన దగ్గర ఇంచుమించు 27 కిలోమీటర్ల చదరం.

ఫోన్‌లో మీ ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే అక్షాంశ రేఖాంశాలు వస్తాయి. ఉదాహరణకు కరీంనగర్ 18.4, 79.1 దగ్గర ఉంది కాబట్టి 56 ఎన్/3లో పడుతుంది. 18 డిగ్రీల గీత హనుమకొండకు, వరంగల్ కోటకు మధ్య నుంచి పోతుంది. దాంతో వేయిస్తంభాల గుడి 56 ఎన్/12లో, కోట 56 ఓ/9లో ఉంటాయి. మీ ఊరు ఇలా అంచు మీద ఉంటే పక్క షీట్ కూడా తీసుకోండి. పొలాలు, చుట్టరికాలు షీట్ అంచు దగ్గర ఆగవు కదా.

ఎక్కడ దొరుకుతాయి

కొత్త ఓపెన్ సిరీస్ షీట్లు 1:50,000 స్కేలులో సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతాయి. 2005 జాతీయ మ్యాప్ విధానంతో వచ్చిన ఈ షీట్లకు నంబర్ల పద్ధతి వేరు. మన ప్రాంతానివి ఈ44తో మొదలవుతాయి. పాత నంబరుతో వెతికి దొరకలేదని వదిలేయకండి.

అసలు కావాల్సింది అంతకంటే పాతవి. మైలుకు అంగుళం చొప్పున, అంటే 1:63,360 స్కేలులో వేసిన నిజాం కాలపు షీట్లు, ఆ తర్వాత మెట్రిక్ పద్ధతిలోకి మారాక వచ్చిన మొదటి 1:50,000 షీట్లు. హైదరాబాద్ ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయంలో, తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో, యూనివర్సిటీల జాగ్రఫీ డిపార్ట్‌మెంట్లలో అడిగి చూడండి. ఇంట్లో కూర్చుని మొదలుపెట్టాలంటే అమెరికా సైన్యం 1950లలో వేసిన 1:250,000 పటాలు ఉన్నాయి. టెక్సాస్ యూనివర్సిటీ గ్రంథాలయం వాటిని ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. వాటికి ఆధారం కూడా సర్వే ఆఫ్ ఇండియా షీట్లే. చిన్న కుంటలు, గూడేలు వాటిలో రావు. ఊళ్లు, వాగులు, పెద్ద బాటలు మాత్రం బాగా కనిపిస్తాయి.

ఊరు చూడకముందే అంచు చదవండి

షీట్ చేతికి రాగానే అందరూ తమ ఊరి కోసమే వెతుకుతారు. దానికంటే ముందు అంచుల్లో ఉన్న చిన్న అక్షరాలు చదవాలి. అక్కడ సర్వే చేసిన సంవత్సరం ఒకటి, అచ్చేసిన సంవత్సరం ఒకటి ఉంటాయి. ఈ రెంటికీ మధ్య చాలా ఏళ్ల తేడా ఉండొచ్చు. మీకు కావాల్సింది సర్వే సంవత్సరం. అచ్చు కొత్తదైనా ఊరు ఆ సర్వే నాటిదే. కొన్ని షీట్లలో రోడ్లు, రైలు మాత్రమే తర్వాత సరిదిద్ది, ఊళ్లను పాతవే ఉంచుతారు. అదీ అంచులోనే రాసి ఉంటుంది.

అంచు చిరిగిపోయిన జిరాక్స్ దొరికితే లోపలి గుర్తులతో కాలం తేల్చవచ్చు. కాజీపేట నుంచి ఉత్తరానికి బల్హార్షా దాకా రైలు మార్గం 1929లో పూర్తయింది. ఆ మార్గమే లేని నక్ష అయితే దాని సర్వే అంతకు ముందుదన్నమాట. కరీంనగర్ దగ్గర దిగువ మానేరు జలాశయం లేకపోతే 1985కు ముందుది. పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన 1963లో జరిగింది కాబట్టి దాని కాకతీయ కాలువ గీసి ఉందంటే షీట్ దాని తర్వాతిదే. ఎత్తులు కూడా సాయం చేస్తాయి. పాత అంగుళం షీట్లలో అడుగులు, మెట్రిక్ షీట్లలో మీటర్లు. ఒకే గుట్ట మీద ఒకదాంట్లో వేయి పైచిలుకు, ఇంకోదాంట్లో మూడు వందల పైచిలుకు అంకె కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

జిల్లా పేరు దగ్గర మరింత జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే రేపు రికార్డులు వెతికేది ఆ పేరుతోనే. ఎల్గందల్ జిల్లా 1905లో కరీంనగర్ జిల్లాగా మారింది. జనగామ 1953 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఖమ్మం అదే ఏడు వరంగల్ నుంచి విడిపోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, 2016లో జిల్లాలే మారిపోయాయి. మానుకోట అని పెద్దలనే ఊరు నక్షలో మహబూబాబాద్. కాబట్టి మీ ఊరి పేరు పక్కన ప్రతి కాలంలో అది ఏ తాలూకా, ఏ జిల్లా కింద ఉందో ఒక పట్టిక రాసుకోండి. ఈ పట్టిక లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరగడమే మిగులుతుంది.

నక్ష చదవడం

రంగుల లెక్క తేలికే. నీళ్లు నీలం, ఎత్తు గీతలు గోధుమ రంగు, అడవి ఆకుపచ్చ, సాగు భూమి పసుపు, ఇళ్లు, బాటలు ఎరుపు. మన దగ్గర చెరువుల్లో ఏడాది పొడుగునా నీళ్లుండవు కాబట్టి చాలావాటికి లోపల నీలం నింపరు. కట్ట నల్ల గీత మాత్రం స్పష్టంగా ఉంటుంది. కట్ట పక్కన "6ఆర్" లాంటి అంకె ఉంటే నేల నుంచి కట్ట ఎత్తు అంత అని అర్థం. గుర్తుల పట్టీలో బావి, గుడి, మసీదు, ఈద్గా, సమాధి, కోట, ఆఖరికి తాటిచెట్లకు కూడా వేర్వేరు బొమ్మలున్నాయి. తాటివనం గుర్తు కనిపిస్తే గౌడ కుటుంబాల జాడ అడగడానికి అదొక ఆధారం.

మీరు ముఖ్యంగా వెతకాల్సిన గుర్తు ఇంకోటుంది. మనుషులున్న ఊరిని నిండు రంగు గళ్లతో చూపిస్తారు. పాడుబడిన ఊరికి గుర్తు వేరు, లోపల రంగు నింపకుండా గీతలు మాత్రమే వేస్తారు. పట్టీలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. మామూలు చూపుకు ఆ ఖాళీ గళ్లు ఆనవు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి, మీ ఊరి చుట్టూ నాలుగైదు కిలోమీటర్ల మేర గడి గడీ చూడండి. పేరు లేకుండా బాటలన్నీ ఒక చోట కలిసే చోటు, ఇళ్లు లేని చోట ఒంటరి గుడి, ఊరికి దూరంగా ఒకే దగ్గర రెండు మూడు బావులు కనిపిస్తే అవీ గుర్తు పెట్టుకోండి. బాటలు ఊరికే ఒక దగ్గర కలవవు.

పేర్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి. ద, డ, త, ట, ల, ళ తేడాలు అందులో పోతాయి. వాగుకు ఒక పేరు, గుట్టకు ఒక పేరు మీరెంత చదివినా అర్థం కాకపోవచ్చు. అప్పుడు పెద్దవాళ్లకు గట్టిగా చదివి వినిపించండి. పరకాల వైపు ఒక ఊళ్లో మా బంధువుల పెద్దమ్మకు ఇలాగే ఒక కుంట పేరు నాకు తోచినట్టు చదివి వినిపించాను. ఆమె కాసేపు విని, "అది కాదు బిడ్డా, గదాన్ని తుమ్మలకుంట అంటరు. మా అవ్వ అక్కడ్నే బట్టలుతికేది. మా ఇల్లు గా కట్ట కిందనే ఉండె" అంది. కట్ట కింద నక్షలో ఉన్నవి మూడు ఖాళీ గళ్లు. అప్పటిదాకా ఆ ఇంట్లో పాత ఊరంటే ఇప్పటి ఊరికి తూర్పున అనుకునేవాళ్లు. నక్షలో అది పడమర.

ఒకే పేరుతో రెండూళ్లుంటే ఖుర్దు (చిన్నది), కలాన్, బుజుర్గ్ (పెద్దది) అనే తోక చూడండి. కుటుంబం చిన్న ఊరిదో పెద్ద ఊరిదో తేలకపోతే ఆ తర్వాత చేసిన పనంతా వృథా.

ఇప్పటి నేల మీద పరచడం

పాత షీట్‌ను ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. గూగుల్ ఎర్త్ ప్రోలో ఇమేజ్ ఓవర్‌లే వాడి పారదర్శకంగా చేసుకోవచ్చు. కాస్త ఓపిక ఉంటే క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోని జియోరెఫరెన్సర్‌తో ఇంకా కచ్చితంగా వస్తుంది. రెంటిలోనూ పని ఒకటే. రెండు చోట్లా మారకుండా ఉన్న గుర్తులు పట్టుకుని వాటిని కలపాలి. చెరువు కట్ట రెండు చివరలు, గుట్ట మీది గుడి, రైలు గేటు, కోట బురుజు మంచివి. వాగు మలుపులు, రోడ్డు కూడళ్లు నమ్మకూడదు. వాగు పక్కకు జరుగుతుంది, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కూడలి మారుతుంది. ఆరేడు గుర్తులు షీట్ నాలుగు మూలలకూ పరుచుకుని ఉండేలా చూసుకోండి.

షీట్ మీది అక్షాంశ రేఖాంశాలను నేరుగా ఫోన్ జీపీఎస్‌లో కొట్టి అక్కడికి పోతే వంద, రెండు వందల మీటర్లు పక్కన దిగుతారు. భూమి ఆకారాన్ని లెక్కగట్టడానికి పాత షీట్లకు ఎవరెస్ట్ అనే కొలత ఆధారం, జీపీఎస్‌కు డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే కొలత. చెలకలో వెతికేటప్పుడు ఆ తేడా చాలా పెద్దది. అందుకే గుర్తులతో కలిపిన తర్వాతే జీపీఎస్ పాయింటు తీసుకోండి.

బాటల దూరం కొలవాలంటే దారం చాలు. అంగుళం షీట్‌లో అంగుళానికి మైలు, మెట్రిక్ షీట్‌లో రెండు సెంటీమీటర్లకు కిలోమీటరు. అమ్మమ్మ చెప్పిన కోసులతో పోల్చి చూడండి. కలిస్తే దారి అదే. కలవకపోతే ఆమె వేరే బాట గురించి చెప్తోందేమో, మళ్లీ అడగండి.

ఊళ్లోకి పోయినప్పుడు

చేతిలో నక్షతో కొత్త మనిషి ఊళ్లోకి వస్తే ఊరికి టెన్షనే. భూముల కొలతకు వచ్చారనో, కాలువకు, రోడ్డుకు భూమి తీసుకుంటారనో అనుమానిస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ముందు మీ తాత పేరు, ఇంటిపేరు, ఎవరింటి బంధువులో చెప్పండి. ఆ తర్వాతే నక్ష విప్పండి. ఎవరైనా తమ హద్దు తగాదాకు దీన్ని చూపించమంటే మర్యాదగా కాదనండి. టోపో షీట్‌లో సర్వే నంబర్లుండవు, పట్టా హద్దులుండవు, అది ఆ పనికి పనికిరాదు.

పాడుబడిన ఊరి చోటును మన దగ్గర పాటిగడ్డ అంటారు. ఎండాకాలంలో, పంటలు తీసేశాక పొండి. చుట్టూ ఉన్న చెలక ఎర్రగా ఉంటే పాటి మన్ను బూడిద రంగులో, మెత్తగా ఉంటుంది. కుండ పెంకులు, విరిగిన తిరగలి రాళ్లు, ఇనుప చిట్టెం పైనే కనిపిస్తాయి. పాత చింతచెట్లు, ఒక రాతి బావి, మూతి అరిగిన హనుమంతుడు, కొన్నిచోట్ల బొడ్రాయి కూడా అక్కడే ఉండిపోతాయి. ఆ మన్నును ఎరువుగా పొలాలకు తోలుకునే అలవాటు ఉండడంతో చాలా పాటిగడ్డలు కరిగిపోయాయి. కాబట్టి మిగిలినదాన్ని ఫొటోలు తీయండి, కొలవండి, ఏదీ తీసుకురాకండి.

ఊరు ఎందుకు లేచిపోయిందో అక్కడే అడగండి. గత్తర (కలరా) వచ్చిందని కొందరు, చెరువు తెగిందని కొందరు చెప్తారు. రజాకార్ల కాలంలో ఊరు వదిలారని కొన్నిచోట్ల వింటారు. పోలీసు చర్య తర్వాత ములుగు, ఏటూరునాగారం అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి ఒకచోట చేర్చిన సంగతి కూడా ఉంది. అలాంటి గూడేలు 1950లకు ముందు, తర్వాత షీట్లలో వేర్వేరు చోట్ల కనిపించవచ్చు. రెండు షీట్లు పక్కపక్కన పెట్టినప్పుడే ఆ బాధ అర్థమవుతుంది. ఈ విషయాలు మాట్లాడేటప్పుడు తొందర పెట్టకండి.

పేర్లు దొరికే చోటు

చోటు తేలాక రికార్డులకు పోవాలి. మొదట ఆ రెవెన్యూ గ్రామం నక్ష కావాలి. అందులో సర్వే నంబర్లుంటాయి. జిల్లా సర్వే, ల్యాండ్ రికార్డుల ఆఫీసులో దరఖాస్తు పెట్టి కాపీ తీసుకోవచ్చు. చెరువు, వాగు, గుట్ట రెండు నక్షల్లోనూ ఉంటాయి కాబట్టి వాటిని కలిపితే పాత ఊరు ఏ సర్వే నంబర్లలో ఉందో తేలుతుంది. ఆ నంబర్లతో 1954-55 ఖాస్రా పహాణీ అడగండి. పట్టాదారు పేరు, సాగు చేస్తున్న వ్యక్తి పేరు, భూమి తరియో (నీళ్లు పారేది) ఖుష్కియో (మెట్ట) అందులో ఉంటాయి. అంతకు వెనక్కి పోవాలంటే పాత సర్వే నాటి భూమి రిజిస్టరు సేత్వార్ చూడాలి. అది ఉర్దూలో ఉంటుంది, చదవగలిగిన పెద్దమనిషి సాయం తీసుకోండి. తేదీలు ఫస్లీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరాల్లో ఉంటే 590 కలపండి, ఒక ఏడు అటూ ఇటూగా మన సంవత్సరం వస్తుంది. జాగీర్ల రద్దు ఫస్లీ 1358లో, అంటే 1949లో జరిగింది. అంతకు ముందు మీ ఊరు జాగీరైతే రికార్డు దారి వేరే ఉంటుంది.

అయితే పహాణీలో పేరు లేని కుటుంబాలు చాలా ఉన్నాయి. వెట్టి చేసినవాళ్లు, కౌలుకు దున్నినవాళ్లు, భూమి లేని వాడలవాళ్లు. నక్షలో వాళ్ల వాడ ఊరికి కాస్త దూరంగా పేరులేని నాలుగు గళ్లుగా ఉంటుంది. మీ కుటుంబం అలాంటిదైతే పహాణీలో దొరకలేదని ఆగిపోకండి. నీరటి (చెరువు నీళ్లు పారించే పని), సేతసింధి (ఊరి కావలి పని) లాంటి ఊరి పనులకిచ్చిన ఇనాం భూముల రికార్డులు చూడండి. బడి అడ్మిషన్ రిజిస్టర్లు చూడండి. ఇవన్నిటికంటే విలువైనవాళ్లు కులాల వంశాలు చెప్పే కళాకారులు. మాదిగలకు డక్కలివాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు తరతరాలుగా కథలు చెప్తూ వస్తున్నారు. మీ ఇంటిపేరువాళ్లు ఏ ఊళ్ల నుంచి విడిపోయి వచ్చారో వాళ్లను అడగండి. వాళ్లు చెప్పిన ఊళ్లను నక్ష మీద గుర్తుపెట్టండి. అవి ఒకే వాగు పొడుగునా వరసగా పడితే, మీ వాళ్లు ఎటునుంచి ఎటు కదిలారో చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం దొరకడం కష్టం. కథ చెప్పించుకున్నందుకు వాళ్లకు ఇవ్వాల్సింది ఇవ్వడం మర్చిపోకండి, అది వాళ్ల బతుకుదెరువు.

మునిగిన ఊళ్లు

పోచంపాడు, దిగువ మానేరు, మధ్య మానేరు కింద ఊళ్లు పోయిన కుటుంబాలకు ఈ షీట్లు ఇంకా ముఖ్యం. జలాశయం కంటే ముందు సర్వే చేసిన షీట్ తీసుకుని, నీళ్లున్న చోట పల్చటి ట్రేసింగ్ కాగితం పరచండి. ఊరు, బాట, వాగు, గుడి పెన్సిల్‌తో గీయండి. తర్వాత పునరావాస కాలనీకి పోయి అరవై దాటినవాళ్లను నలుగురినైనా ఒక దగ్గర కూర్చోబెట్టి, ఎవరి ఇల్లు ఎక్కడో వాళ్ల చేతే పెట్టించండి. ఒక్కరే చెప్తే సందేహం మిగులుతుంది. నలుగురుంటే ఒకరినొకరు సరిదిద్దుకుంటారు, మీరు అడగని బావులు, చెట్లు కూడా వచ్చి కాగితం మీద కూర్చుంటాయి. ఈ పని వాయిదా వేయొద్దు. షీట్ రేపైనా దొరుకుతుంది, ఆ ఊళ్లో పెరిగినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు.

ప్రతి గుర్తు పక్కన ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఏ షీట్, ఏ సర్వే సంవత్సరం అన్నది రాయండి. ఇద్దరు వేర్వేరుగా చెప్తే రెండూ రాయండి. పని అయ్యాక ఒక కాపీ మీ దగ్గర పెట్టుకుని, ఒకటి కాలనీ బడిలో, ఇంకోటి గ్రామ పంచాయతీలో ఇవ్వండి.